తోడల్లుడి ఇంటి పని

ఆ వీధిలో ఆమెను అందరూ సూదమ్మ అనే పిలుస్తారు. రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఆమె ఉద్యోగం. చిన్నపిల్లలు ఆమె ఎదురుపడితే తల్లుల వెనక దాక్కుంటారు. పెద్దవాళ్ళు మాత్రం "నువ్వు గుచ్చితే గుచ్చినట్టే ఉండదమ్మా" అంటూ ఆమె డ్యూటీలో ఉన్న వేళ కనుక్కుని మరీ వస్తారు. కఫం, మలం, మూత్రం నింపిన డబ్బాలు పొద్దస్తమానం ఆమె చేతుల మీదుగానే పోతాయి. ఒక్కనాడు ముక్కు మూసుకున్నది లేదు. "మనిషి ఒంట్లోంచి వచ్చిందేగా, ఆకాశంలోంచి ఊడిపడిందా" అంటుంది.

ఆమె భర్త బిల్డింగ్ సూపర్‌వైజరు. ఇల్లు కట్టించుకునేవాళ్ళకి మేస్త్రీలను, కూలీలను, ప్లంబర్లను కుదిర్చి, దగ్గరుండి పని చేయించి, చివరికి అందరిచేతా తిట్లు తినే ఉద్యోగం అది. "పునాది తవ్వేటప్పుడు మమ్మల్ని దేవుళ్ళలా చూస్తారు, రంగులు వేసేటప్పటికి దొంగల్లా చూస్తారు" అని అతనే నవ్వుతూ చెప్పేవాడు. ల్యాబు మీద పై అంతస్తు వేస్తున్న రోజుల్లో కుదిరిన పెళ్ళి వాళ్ళది. కింద తన గాజుపలకల మీద దుమ్ము రాలుతోందని ఆమె కోపంగా మెట్లెక్కి పోట్లాటకి వెళితే, మర్నాటికల్లా కిటికీలన్నిటికీ తడిపిన గోనెపట్టాలు కట్టించాడు. "పోట్లాటకి పైకెక్కి, పెళ్ళిచేసుకుని కిందికి దిగింది" అని అక్క ఎప్పటికీ ఎగతాళి చేసేది. పిల్లలు లేరు. ఆ సంగతి మాట్లాడుకోవడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు.

సూదమ్మకి ఒక్కతే అక్క. అక్క మొగుడు, అంటే బావ, నీళ్ళ సరఫరా ఆఫీసులో స్టోర్సు చూసేవాడు. పైపులు, నట్లు, బోల్టులు లెక్కపెట్టి లెక్కపెట్టి, మనుషులను కూడా ఏ అరలో పెట్టాలా అన్నట్టు చూసే అలవాటు పట్టుబడింది. వాళ్ళ దగ్గరే అమ్మ ఉండేది.

బావ స్థలం కొన్నాక ఒక ఆదివారం అక్కని వెంటబెట్టుకుని సూదమ్మ ఇంటికొచ్చాడు. ఉన్న ఒక్క మంచి కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి, గ్లాసు కింద పెడుతూ అన్నాడు.

"ఏం తమ్ముడూ, ఊరందరికీ ఇళ్ళు కట్టిస్తావు, మాకు కట్టించవా?"

"మీరు స్థలం కొన్నప్పటినుంచీ ఎదురుచూస్తున్నా అన్నయ్యా. ఎప్పుడంటే అప్పుడే." అని, భర్త మెల్లిగా నసిగాడు. "కాకపోతే, నా సంగతి కూడా ముందే ఒకమాట అనుకుంటే..."

బావ లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "తోడల్లుళ్ళం. మన మధ్య ఆ మాటలేంటయ్యా, వినడానికే బాగోలేదు. చివర్లో నిన్ను నొప్పిస్తానా నేను?"

"మరీ చెప్తారు, మరిదికి ఇవ్వకపోతే ఎవరికిస్తాం?" అంది అక్క.

వాళ్ళు మెట్లు దిగగానే సూదమ్మ తలుపు దగ్గరికేసి వచ్చింది. "ఎంతో ఒకంత అనుకుని కాగితం మీద పెట్టించండి. నా మాట వినండి."

"మీ అక్క మొగుడితో కాగితం రాయించుకోవాలా? రేపు మీ అమ్మ మొహం ఎలా చూడను?"

"అమ్మ మొహం సంగతి నేను చూసుకుంటా. మీరు అడగండి."

"చూద్దాంలే" అన్నాడతను. ఆ మాట అతని నోటివెంట వచ్చిందంటే ఇక ఆ పని జరగదని ఆమెకు తెలుసు.

పని మొదలైంది. చేతిలో ఉన్న మిగతా ఇళ్ళను తెలిసినవాళ్ళకి అప్పగించి, భర్త ఆ స్థలంలోనే కాపురం పెట్టినంత పని చేశాడు. బావ రోజూ సాయంత్రం ఆఫీసునుంచి నేరుగా అక్కడికే వచ్చేవాడు. ఖాళీ సిమెంటు సంచులు లెక్కపెట్టేవాడు. కోయగా మిగిలిన ఇనపముక్కలు ఏరించి, స్కూటరు మీద పెట్టుకుని ఇంటికి మోసుకుపోయేవాడు. కూలీలకి సాయంత్రం ఇచ్చే టీ "ఇళ్ళదగ్గర తాగి రాలేరా?" అని ఆపించాడు. భర్త తన జేబులోంచి తెప్పించడం మొదలుపెట్టాడు. బావ ఆ టీ కూడా ఒక గ్లాసు తాగి వెళ్ళేవాడు.

అక్క తీరు వేరు. వంటగదిలో సింకు ఇటు కాదు అటు ఉండాలంది. ఆరిన గోడ కొట్టించి అలమర పెట్టించింది, పెట్టించాక చీకటిగా ఉందని మూయించింది. "మరిదేగా, ఏమనుకుంటాడు" అనేది.

వెనకవైపు చివరి గది అమ్మకని అనుకున్నారు. ఆ గది కిటికీ కిందే డ్రైనేజీ చాంబరు వచ్చింది. ఇంట్లో మురుగంతా ఆ గుంతలో కలిసి వీధి లైనులోకి పోవాలి. దాని మూత చూసి బావ మొహం చిట్లించాడు.

"ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళకి ఇదా కనపడేది?"

"మూత ఉండాలి అన్నయ్యా. రేపు ఏదైనా అడ్డుపడితే తియ్యాలి కదా."

"ఏం చేస్తావో నాకు తెలీదు. కనపడకూడదు."

దాంతో భర్త ఆ మూత మీద కూడా మిగతా పెరట్లో పరిచిన బండల్లాంటి బండనే పరిపించాడు. ఆ ఒక్కదానికీ సిమెంటు పెట్టలేదు. ఏ బండ అన్నది అతనికి తప్ప మరొకరికి తెలిసే వీల్లేదు.

ఈ ఇద్దరి మధ్యా సూదమ్మ నలిగింది. పొద్దున్న ల్యాబుకి అక్క ఫోను: "మీ ఆయన ఇంకా రాలేదేమే? మేస్త్రీలు బీడీలు కాలుస్తూ కూర్చున్నారట." రాత్రి అన్నం దగ్గర మొగుడి గోల: "మీ బావ ఇవాళ మేకులు తూకం వేయించాడు. మేకులు!" ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసింది. కొన్ని దారిలోనే పారేసింది. కొన్నిటికి కాస్త చక్కెర అద్ది చెప్పింది.

ఇల్లు పూర్తయింది. మంచి ఇల్లే. బంధువులందర్నీ భోజనానికి పిలిచారు. అక్క ఒక్కొక్కర్నీ గది గదికీ తిప్పి, తలుపుల నునుపు తడిమి చూపించి, హాలు మధ్యలో నిలబడి పదిమందీ వినేలా అంది: "అంతా మా మరిది చలవే. తన కష్టానికని మా దగ్గర ఏమీ తీసుకోలేదు, తెలుసా?"

పళ్ళెం పట్టుకుని తింటున్న భర్తకి నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. తను ఏమీ తీసుకోనని ఎప్పుడు తేలిందో అతనికే తెలియదు. అందరూ "ఆహా" అన్నారు. బావ ఒక సంచీ తెచ్చి అతని చేతిలో పెట్టాడు. అందులో చొక్కా గుడ్డా, గోడ గడియారమూ ఉన్నాయి. జనం చప్పట్లు కొట్టారు. సూదమ్మ తన మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నీళ్ళ గ్లాసులు అందించే పనిలో పడింది.

అయినా కొన్నాళ్ళు ఆగారు. బావ ఇవాళ పిలుస్తాడు, రేపు పిలుస్తాడు అనుకున్నారు. ఈలోగా అప్పగించిన ఇళ్ళు అప్పగించినవాళ్ళవే అయిపోయాయి, కొత్త పని దొరకలేదు. ఆఖరికి సూదమ్మే అక్కని అడిగింది. అక్క "నాకేం తెలుసే, బావగారి చేతిలో పని" అంది. బావ "తమ్ముణ్ణి తీసుకుని రా, ఇల్లంతా ఒకసారి చూసుకుని మాట్లాడుకుందాం" అన్నాడు.

వెళితే బావ చేతిలో ఒక చెంచా ఉంది. దాంతో నేల మీది టైల్స్‌ను ఒక్కొక్కటే కొడుతూ ముందు నడిచాడు. వెనక వీళ్ళిద్దరూ, వీళ్ళ వెనక అక్క.

"ఇదిగో, ఇది డొల్ల మోగుతోంది. విన్నావా? ఇదీ అంతే. ఈ తలుపు చూడు, కింద రాసుకుంటోంది. మెట్ల గోడ మీద చెమ్మ చూశావా? బయటివాడెవడైనా అయితే నేనే నష్టం కట్టించుకునేవాణ్ణి. నువ్వు మావాడివి కాబట్టి ఊరుకుంటున్నా."

"తలుపు కొత్త చెక్క అన్నయ్యా, వానలు తగ్గితే సర్దుకుంటుంది. చెమ్మ అంటారా, పైన నీళ్ళ ట్యాంకు పొంగుతున్నా మీరు మోటారు కట్టడం లేదు."

బావ చెంచా జేబులో పెట్టుకున్నాడు. "సరే, అవన్నీ పోనీ. టైల్స్ షాపులో నీ వాటా ఎంత?"

"వాటా ఏంటి?"

"సూపర్‌వైజర్లు తీసుకెళ్ళిన పార్టీకి షాపువాడు ఒక రేటు చెప్పి, అందులో కొంత వీళ్ళ చేతిలో పెడతాడట. మా ఆఫీసులో చెప్పుకుంటుంటే విన్నా. సొంత వదిన ఇంట్లో కూడా తినేశావా?"

భర్త మొహం ఎర్రబడింది. పక్కన నిలబడ్డ సూదమ్మని దగ్గరికి లాక్కుని ఆమె నెత్తిన చెయ్యి పెట్టాడు. "దీని మీద ఒట్టు. నేను ఎక్కడా ఏమీ తీసుకోలేదు."

ఆ క్షణంలో సూదమ్మకి ఒళ్ళు మండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అక్కమీద గొంతెత్తనిది ఆ రోజు ఎత్తింది. "ఎండలో వానలో మీ ఇంటికి కాపలాకాశాడు అక్కా! మీరు కూలీలకి టీ ఇవ్వకపోతే మా ఇంట్లోంచి ఇచ్చాం. ఇవ్వకపోతే ఇవ్వకండి, దొంగ అనే హక్కు మీకెవరిచ్చారు?" అక్క కూడా తగ్గలేదు. "మా బావే లేకపోతే నీ మొగుడికి పని ఇచ్చే దిక్కెవరే?" అంది. కోపంలో తన మొగుణ్ణి తనే బావ అనేసిన సంగతి కూడా అక్కకి తెలియలేదు. వెనక గదిలోంచి అమ్మ "ఒసే, ఒసే" అంటూనే ఉంది. అంతటితో రెండిళ్ళకీ మాటల్లేవు.

కొన్ని వారాలకి టైల్స్ షాపాయన ల్యాబుకొచ్చాడు. చక్కెర పరీక్ష. చొక్కా చెయ్యి మడిచి బల్లమీద పెట్టి, సూది కేసి చూడకుండా ఉండటానికి ఏదో ఒకటి మాట్లాడుతున్నాడు.

"మీ ఆయన భలే మనిషమ్మా. ఈ లైనులో ఇంత పద్ధతిగా ఉండేవాళ్ళు లేరు. బేరం చెడగొట్టడు, పార్టీ ముందు నోరు జారడు. మీ అక్కగారి ఇంటి సరుకప్పుడు కూడా అంతే. సరుకు దిగిన రోజే వచ్చి తన వాటా లెక్క చూసుకుని పట్టుకెళ్ళాడు. అప్పు అనే మాటే లేదు."

సూదమ్మ రక్తం తీసింది, దూది అద్దింది, "చెయ్యి మడిచి పట్టుకోండి" అంది. ఆయన వెళ్ళాక కుర్చీలో అలాగే కూర్చుంది. తర్వాతి మనిషి వచ్చి ఎదురుగా కూర్చున్నదాకా లేవలేదు.

సాయంత్రం భర్త చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే అడిగింది. "టైల్స్ షాపాయన వచ్చాడు ఇవాళ. వాటా తీసుకున్నావా లేదా?"

పెళ్ళయ్యాక అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. అతను గమనించాడు.

"తీసుకున్నా. టైల్స్ దగ్గర తీసుకున్నా, పెయింట్ల దగ్గరా తీసుకున్నా. ఎవడు తీసుకోడు? మీ బావ ఇవ్వడని నాకు పునాది రోజే తెలుసు. నా కష్టం నేను వేరే దారిలో తెచ్చుకున్నా. అందులో తప్పేంటి?"

"మరి తెచ్చుకున్నాక మళ్ళీ ఆయన్ని అడగడమేంటి?"

"అది వేరు, ఇది వేరు."

"నా నెత్తిన చెయ్యి పెట్టావు."

"పెడితే ఏమైంది, నెత్తి ఊడిపోయిందా? నిజం చెప్తే వెళ్ళి మీ అక్క చెవిలో ఊదేదానివి. నువ్వు అంత గట్టిగా అరిచావు కాబట్టే మీ బావ నోరు మూశాడు." అన్నాడతను, మెచ్చుకుంటున్నట్టు.

ఆమె వెళ్ళి ఆ వేళప్పుడు తలస్నానం చేసింది. ఎన్నిసార్లు రుద్దినా ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టనిపించింది. తను నమ్మింది, నమ్మి అరిచింది, ఆ అరుపునీ అతను వాడుకున్నాడు. డబ్బు తిన్నాడన్నదానికంటే అది ఎక్కువ రోత పుట్టించింది. అక్కకి ఫోన్ చేద్దామని రెండుసార్లు అనుకుంది. చేసి ఏమని చెప్పాలి? బావ అన్నదే నిజమనా? బావ కూడా నిజం తెలిసి అనలేదు, ఎగ్గొట్టడానికి రాయి విసిరాడు, అది తగలాల్సిన చోట తగిలింది. ఇద్దరిలో ఎవరి వైపు నిలబడదామన్నా కాలు పెట్టడానికి శుభ్రమైన చోటు లేదు.

ఒక ఆదివారం పొద్దున్నే అక్కే ఫోన్ చేసింది. గొంతు వింతగా ఉంది. "నువ్వు తొందరగా రావే. అమ్మ గదిలోకి... అబ్బా, నేను చెప్పలేను."

ఆ ముందురోజు అక్కా బావా పెళ్ళికని ఊరెళ్ళి రాత్రికి తిరిగొచ్చారు. తెల్లారి పైన అందరి స్నానాలూ అయ్యేసరికి అమ్మ గదిలో బాత్రూము జాలీలోంచి నల్లటి నీళ్ళు ఎగదన్నాయి. సూదమ్మ వెళ్ళేసరికి అవి గది మధ్యకొచ్చేశాయి. తెల్లటి టైల్స్ మీద ఇంటిల్లిపాది మురుగూ తేలుతోంది. అమ్మ చెప్పులు అందులో ఈదుతున్నాయి. అమ్మ మంచం మీద కాళ్ళు ముడుచుకుని చిన్నపిల్లలా కూర్చుంది. అక్క గుమ్మం అవతల ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నిలబడింది, లోపలికి అడుగు పెట్టలేదు. హాల్లో బావ ఫోన్‌లో ప్లంబరుతో బేరమాడుతున్నాడు.

"ఆదివారమైతే రెట్టింపు అంటావేంటయ్యా? మురుగుకి ఆదివారమని తెలుసా? కాస్త తగ్గించి చెప్పు."

సూదమ్మ కాళ్ళు తడుపుకుంటూ వెళ్ళి అమ్మని ఎత్తుకుంది. పెరటి అరుగు మీద కూర్చోబెడుతుంటే అమ్మ ఆమె మెడ వదల్లేదు. చెవిలో చెప్పింది.

"నిన్న వీళ్ళు లేనప్పుడు మీ ఆయన వచ్చాడే. పైపు చూడాలన్నాడు. దాహమేస్తోందంటే మంచినీళ్ళిచ్చా. అదిగో, ఆ గోడ పక్క మూడో బండ దగ్గర కూర్చుని ఏదో చేశాడు. మీ అక్కకి చెప్పలేదు. చెప్తే నీ కాపురం ఏమవుతుందో అని."

సూదమ్మ ఒక ఇనపచువ్వ వెతికి తెచ్చి ఆ బండ లేపింది. గుంత నిండుగా ఉంది. బోర్లా పడుకుని భుజందాకా చెయ్యి పెట్టింది. వీధి లైనుకి పోయే పైపు నోట్లో వేళ్ళకి గోనె తగిలింది. ఇసుక కూరిన సంచి, మూతి ఇనప కడ్డీలు కట్టే సెంట్రింగు తీగతో బిగించి ఉంది. రెండు మెలికలు తిప్పి కొస లోపలికి దోపిన ఆ ముడి ఎవరు వేస్తారో ఆమెకు తెలుసు. ఇంట్లో బియ్యం సంచికి కూడా అతను అలాగే వేస్తాడు. బలమంతా పెట్టి లాగింది. సంచి ఊడగానే గుంత గుటకలు మింగినట్టు మింగి ఖాళీ అయింది.

తర్వాత గది కడిగింది. చీపురుతో కొంత, చేత్తో కొంత. ఆ కంపు ఆమెను ఏమీ చెయ్యలేదు. గుమ్మం దగ్గర అక్క "చేత్తోనా? ఛీ, నాకైతే వాంతయ్యేది" అంటుంటే, ఆ మాటకి మాత్రం కడుపులో దేవింది.

బావ పెరట్లోకొచ్చాడు. "పోనీలే, ప్లంబరు ఖర్చు తప్పింది" అన్నాడు ముందు. తర్వాత అతని చూపు సంచి మీద, తీగ మీద, లేచిన బండ మీద పడింది. ఆ బండ సంగతి ఎవరికి తెలుసో గుర్తొచ్చినట్టుంది. మొహంలో రంగు మారింది. కోపం కాదది. గోడల్లో ఏ తీగ ఎటు పోతుందో, ఏ పైపు ఏ మూల తిరుగుతుందో అన్నీ తెలిసినవాడు బయట ఉన్నాడు, తను ఆ గోడల మధ్య ఉంటున్నాడు. బావ లోపలికి వెళ్ళాడు.

సూదమ్మ తడిబట్టలతోనే ఇంటికొచ్చింది. భర్త పేపరు చదువుతున్నాడు. తల ఎత్తకుండా "ఏంటా కంపు?" అన్నాడు.

"నీదే" అంది.

అతను పేపరు దించాడు.

"అమ్మ ఆ గదిలో ఉంటుందని తెలిసే చేశావు. ఆమె చేత్తో ఇచ్చిన నీళ్ళు తాగి మరీ చేశావు."

"పెద్దావిడ హాల్లోకొచ్చి కూర్చుంటుందిలే అనుకున్నా. అయినా నువ్వెందుకు వెళ్ళావు? వాళ్ళ చేత్తో వాళ్ళు తీసుకోవాలనే కదా నేను పెట్టింది."

మర్నాడే బావ డబ్బు పంపించాడు. అడిగినంతా పంపించాడు. భర్త కవరు తెచ్చి అన్నం తినే బల్లమీద పెట్టి, "చూశావా?" అన్నాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు, పళ్ళెం తీసుకుని వెళ్ళి గుమ్మంలో కూర్చుని తింది. తర్వాత ఆ డబ్బుతో ఫ్రిజ్ వచ్చింది. ఆమె అందులో పాలు పెట్టింది. ఏం చేస్తుంది మరి, పాలు విరిగిపోతాయి కదా.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. తర్వాతి ఆదివారం బావ పళ్ళు పట్టుకుని వచ్చాడు. మొదట ఇద్దరూ నేల చూపులు చూశారు. కాసేపటికి బావే మొదలుపెట్టాడు. "ఇసుక సంచి కూడా ఒక తెలివేనా తమ్ముడూ?" భర్త సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "మరి మీరు చెంచా పట్టుకుని తిరగలేదా అన్నయ్యా?" ఇద్దరూ పగలబడి నవ్వారు. వంటింట్లో టీ వడపోస్తున్న సూదమ్మకి ఆ నవ్వు వీపు మీద పాకినట్టయింది.

"మా ఆఫీసులో ఇద్దరు ముగ్గురు ఇళ్ళు మొదలెడుతున్నారు" అంటున్నాడు బావ. "నేను నిన్ను చెప్తా. నా మాట మీద వస్తారు. షాపులవాళ్ళిచ్చే దాంట్లో సగం నాది. ఏమంటావు?"

"మీరు చెప్పాక ఇంకేముంది అన్నయ్యా."

ఆమె టీ సింకులో పోసేసింది. పాలు అయిపోయాయని చెప్పింది.

అన్నట్టే బావ ఒకాయన్ని తీసుకొచ్చాడు. తన ఆఫీసులో జమాఖర్చులు చూసే గుమాస్తా, మెత్తటి మనిషి. మాటల మధ్యలో గుమాస్తా డబ్బు సంగతి ఎత్తబోతే బావ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు నా మనిషి. మన మధ్య ఆ మాటలేంటి సార్? చివర్లో చూసుకుందాం."

ఆ చెయ్యి చూసేసరికి సూదమ్మకి ఇక ఆగలేదు. గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"సార్, మా ఆయన షాపుల్లో వాటా తీసుకుంటాడు. ఇప్పుడు అందులో సగం మా బావది. సరుకు మీరే వెళ్ళి కొనుక్కోండి. ఈయన కూలి ముందే అనుకుని రాసుకోండి. లేకపోతే మీరూ ఏడుస్తారు, వీళ్ళూ ఏడిపిస్తారు."

గుమాస్తా లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. బావ "దీనికి మతి చలించింది" అన్నాడు. భర్త తిట్టాడు, గిన్నె విసిరాడు, నా పొట్ట కొట్టావన్నాడు. ఆమెకి చాన్నాళ్ళ తర్వాత ఊపిరి తేలిగ్గా ఆడినట్టనిపించింది.

మూడు రోజులు గడిచాయో లేదో, గుమాస్తా తిరిగొచ్చాడు. ఆమె ల్యాబునుంచి వచ్చేసరికి ముగ్గురూ ఆ గదిలోనే కూర్చుని ఉన్నారు. మెత్తటి మనిషి మెత్తగానే మాట్లాడుతున్నాడు.

"ఎలాగూ షాపులవాళ్ళు ఇస్తారని అమ్మగారే చెప్పారు కదండీ. ఇంక నేను వేరే ఇవ్వడమెందుకు? వాళ్ళిచ్చేది మీరు తీసుకోండి, నాకు ఊరికే చేసిపెట్టండి. నేను నోరెత్తను."

బేరం కుదిరింది. సూదమ్మ నిలబడ్డచోటే నిలబడి విన్నది. తను నిజం చెబితే దాన్ని కూడా తూకం వేసి వాడుకున్నారు. నవ్వొచ్చింది, ఆ వెనకే రోత పుట్టింది. ఆ గదిలో ఉన్న ముగ్గురూ ఆమెకేసి మర్యాదగా చూశారు.

ఆ వారంలోనే ఆమె ల్యాబు వెనక సందులో ఒక గది అద్దెకి తీసుకుంది. తన జీతంతో, తన పేరుమీద. భర్తతో "అమ్మని చూసుకోవాలి" అని మాత్రం చెప్పింది. అతను ఉండమనలేదు, వెళ్ళమనలేదు. "చూద్దాంలే" అన్నాడు. అప్పుడప్పుడూ వచ్చి కాసేపు కూర్చుని వెళతాడు. పని ఎక్కువైందంటాడు. ఆమె మంచినీళ్ళిస్తుంది.

అమ్మ మొదట రానంది. "ఎక్కడికెళ్ళినా మీ ఇద్దర్లో ఒకరి మొగుడి ఇల్లే కదే" అంది. గది చూపించాక మాత్రం చేతిసంచీ సర్దుకుంది.

గది ఇరుకు. కిటికీ తెరిస్తే ఎదుటి గోడ. అక్క మొదటిసారి వచ్చినప్పుడు గోడలకేసి, పైకప్పుకేసి చూసింది. అమ్మ పక్కన మంచం మీద కూర్చుంది.

"వాళ్ళిద్దరూ బాగానే ఉన్నారు కదే. రోజూ ఫోన్లు, నవ్వులు. మధ్యలో మనమెందుకు మొహాలు తిప్పుకోవడం?"

"వాళ్ళు బాగున్నారనే కదక్కా నేను తిప్పుకున్నది."

అక్క తల దించుకుంది. చేతిరుమాలు తీసి మడిచింది, విప్పింది. "ఆ రోజు నేను లోపలికి రావాల్సింది" అంది, నేలకేసి చూస్తూ.

సూదమ్మ అవుననలేదు, కాదనలేదు. అవునంటే అక్క ఏడుస్తుంది, కాదంటే అబద్ధం. అక్క ఇంట్లో అమ్మ గదిలో మురుగు నిలిచిన వాసన ఇప్పటికీ అక్కని చూడగానే వస్తుంది. అది పోతుందని ఆమెకు నమ్మకం లేదు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. ఎంతమందికి పెట్టాలో అడగలేదు, ముగ్గురికీ పెట్టింది. అన్నం ఉడికేలోపు అక్క లేచి వెళుతుందేమోనని చూసింది. అక్క వెళ్ళలేదు. అమ్మ పక్కనే ఒదిగి పడుకుని, చెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుంది.